చప్పుడు లేని బండి కొనాలా, ఆగాలా

మా ఇంట్లో మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది. మా బాపుది అదే తీరు, నాదీ అదే తీరు. గొప్పకు చెప్పడం లేదు. యాభై ఏడేళ్లు వచ్చి, కళ్లద్దాలు లేకపోతే రాగి తీగ కనబడని వయసులో కూడా నా పిడికిలికి ఎవరో ఒకరు దొరుకుతూనే ఉన్నారని సిగ్గుపడి చెబుతున్నాను. నిజామాబాద్‌లో నాది మోటార్ వైండింగ్ షాపు. బోర్లలో కాలిపోయిన మోటార్లు వస్తాయి. పాత తీగ పీకేసి కొత్త తీగ చుడతాను. చుట్టే పని కంటే పీకే పనే నాకు ఇష్టం.

నాకు నాలుగేళ్లు చిన్నవాడు ఒక తమ్ముడున్నాడు. బోధన్ రోడ్డు మీద మా ఊళ్లోనే ఉండి వ్యవసాయం చేసుకుంటాడు. వాడి ఎడమ చెవికి అసలేమీ వినబడదు, కుడిది కూడా వయసుతో మందగించింది. ఆ ఎడమ చెవిని పగలగొట్టింది నేను.

అప్పట్లో మాది చెరుకు. ఎడ్లబండి మీద చెరుకు వేసుకుని చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో నిలబడాలి. ఒక్కోసారి వంతు వచ్చేసరికి పొద్దున పోయినవాళ్లకు పొద్దుగూకేది. ఆ రోజు బండి దగ్గర తమ్ముణ్ని ఉండమని చెప్పి నేను చాయ్ తాగడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి వాడు బండి కింది నీడలో నిద్రపోతున్నాడు. వెనక బండ్లన్నీ మమ్మల్ని దాటుకుని ముందుకు పోయాయి. వంతు పోయిందంటే మళ్లీ వరస చివరికి పోవాలి, ఎండకు చెరుకు ఆరి బరువు తగ్గుతుంది, బాపు నా తోలు తీస్తాడు. బండిలోంచి ఒక చెరుకు గడ గుంజి కొట్టాను. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది వీపు మీద. మూడోది చెవి మీద. రక్తం మెడ దాకా కారిన తర్వాత కూడా ఇంకో రెండు కొట్టాను. వాడికి అప్పుడు పన్నెండేళ్లు. చుట్టూ ఉన్నవాళ్లు అన్నదమ్ములన్నాక కొట్టుకుంటారులే అని నవ్వారు.

దాని గురించి వాడు నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఇంకో రెండు తిట్టి మరిచిపోయేవాణ్ని. అనలేదు కాబట్టి ప్రతి ఆదివారం ఊరికి పోయి వాడి మొహం చూసి రావడం నాకు అలవాటైంది. పోయినప్పుడల్లా మనసులో ఒకటే అనుకునేవాణ్ని. నా చేతుల మీదుగా వీడికి ఇంకో దెబ్బ తగలకూడదు. తగిలిందా, ఇక వీడికి నేను అన్నను కాను.

ఫ్యాక్టరీ మూతబడ్డాక మా వైపు చాలామంది చెరుకు వదిలేసి వరికి మళ్లారు. చెరుకుకు ఆరబోసే పని లేదు. వడ్లకు ఉంది. తేమ ఎక్కువుంటే కొనుగోలు సెంటర్లో తిప్పి పంపుతారు. ఇంత పంటకు కల్లాలు ఎక్కడివి? అందుకని కోతలు కాగానే ఊరి రోడ్లన్నీ కల్లాలవుతాయి. సగం రోడ్డు వడ్లకు, సగం బండ్లకు. మధ్యలో హద్దుగా రాళ్లు. ఆ రాళ్ల కోసం ప్రతి సీజన్‌లో ఎవరో ఒకరి తల పగులుతుంది. ఒకసారి రాయి తగిలి నా కారు కింది ఆయిల్ డబ్బా పగిలిందని దిగి ఒక రైతును కొట్టబోతే, అతను పార ఎత్తాడు. ఇద్దరం నోరు నొప్పి పుట్టేదాకా తిట్టుకుని ఎవరి దారిన వాళ్లం పోయాం.

నా బండి పాత డీజిల్ కారు. పద్నాలుగేళ్లు దాటింది. స్టార్ట్ చేస్తే పక్కింటి కిటికీ అద్దాలు వణుకుతాయి. ఆ చప్పుడుతో నాకూ తమ్ముడికీ ఒక ఆట ఉండేది. వాడు వడ్ల అంచున చెప్పుల్లేకుండా నడుస్తూ, పాదాలతో చాళ్లు తీస్తూ వడ్లు తిప్పుతుంటాడు. నేను వెనకనుంచి వచ్చి, హారన్ కొట్టకుండా, మెల్లగా నేరుగా వాడి మీదికే బండి తెస్తాను. వాడు వెనక్కి తిరిగి చూడడు. ఇంజిన్ దడ రోడ్డులోంచి వాడి పాదాలకు అందుతుంది. బండి ఇంకో రెండు గజాలుందనగా ఒక్క అడుగు పక్కకు వేసి, పోతున్న బండి డిక్కీ మీద ఫట్‌మని చరుస్తాడు. ఆపి దిగుతాను. ఇద్దరం పడీ పడీ నవ్వుతాం. మరదలికి ఈ ఆట చూస్తే ఒళ్లు మండేది.

"గిదేం ఆట బావా, పానాలతోని?" అనేది.

"నీ మొగనికి కాళ్లల్ల చెవులున్నయి," అనేవాణ్ని.

బండికి పదిహేనేళ్లు నిండబోతున్నాయి. రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి, ఫిట్‌నెస్ చూపించాలి. లేదంటే అమ్మేసి కొత్తది కొనాలి. నా భార్య హైబ్రిడ్ కొందామంది. పెట్రోలూ ఉంటుంది, బ్యాటరీ మోటారూ ఉంటుంది, ఎక్కడా తీగ గుచ్చి చార్జింగ్ పెట్టే పని లేదు. సిరికొండ గుట్టల్లో తన తల్లిగారింటికి పోయి వస్తే ఈ డీజిల్ కుదుపులకు రెండు రోజులు నడుం పట్టుకుని మూలిగేది. దానికి నడుం, నాకు మోటారు మీద మోజు. ఇద్దరికీ అదే కావాలి. అయినా నేను ఆగుదామన్నాను. పన్ను తీసేస్తారట, వచ్చే ఏడు ఇంకా మంచి మోడల్ వస్తుందట, బ్యాటరీలు చవకవుతాయట. ఈ 'అట'లన్నీ ఫోన్‌లో వీడియోలు చూసి పోగేసినవే.

బోధన్‌లో మా బండిని మొదటినుంచీ చూస్తున్న మెకానిక్ ఒకాయన ఉన్నాడు. వాళ్ల తాత కాలం నుంచీ అక్కడే ఉన్న కుటుంబం. ఆయనను అడిగితే రెంచి పక్కన పెట్టి గడ్డం గోక్కున్నాడు.

"జల్దీ ఏముంది భాయ్? గా బ్యాటరీ ఖరాబైతే ఈడ ఇప్పెటోడు ఎవడున్నడు? రెండేండ్లు ఆగు. గప్పటిదాంక నేను గూడ నేర్సుకుంట."

ఆ మాట ఇంటికొచ్చి చెప్పాను. నా భార్య చపాతీల పిండి పిసుకుతూ తల కూడా ఎత్తలేదు.

"గాయన నేర్సుకునేదాంక నా నడుం ఆగుతదా? నువ్వు ఎప్పుడన్న ఒక్కదాని మీద నిలబడ్డవా? పైసలున్నయి, మనసున్నది, ధైర్యమే లేదు."

ధైర్యం లేదన్న మాట నాకు గిట్టదు. చేతిలో ఉన్న చాయ్ గ్లాసు గోడకు విసిరాను. పెంకులు స్టవ్ దాకా ఎగిరాయి, ఒకటి నా భార్య మోచేతికి గుచ్చుకుంది. అది ఆ పెంకు పీకి, రక్తం కొంగుతో అద్దుకుని, చీపురు తెచ్చింది.

"గ్లాసులు కొనుడైతే ఎన్నడు ఆగవు," అంది.

మర్నాడే షోరూంకు పోయి ట్రయల్ అడిగాను. నా భార్యను రమ్మంటే, కొంటానంటేనే వస్తానంది. ఆదివారం పొద్దున నా పక్క సీట్లో షోరూం అమ్మాయి కూర్చుంది. పాతికేళ్లుంటాయి. పద్ధతి గల పిల్ల. బైపాస్ దాటి పోకూడదని ముందే చెప్పింది. బోధన్ రోడ్డు మీద మా ఊరి దాకా పోయి రానిస్తేనే కొంటాను, లేకపోతే దిగిపోతానని గొంతు పెంచాను. ఆ పిల్ల ఎవరికో ఫోన్ చేసి, సరేనంది.

నిజం చెప్పాలంటే బండి నా మనసు దోచింది. బటన్ నొక్కితే ఏమీ వినబడలేదు. స్టార్ట్ కాలేదనుకుని మళ్లీ నొక్కబోయాను. కదిలాక లోపల మోటారు తిరుగుతుంటే, ముప్ఫై ఏళ్లుగా నేను చుట్టిన తీగలన్నీ ఇన్నాళ్లకు ఒక గౌరవమైన పనిలో చేరినట్టు అనిపించింది. రైల్వే గేటు దగ్గర రద్దీలో ఒక ఆటో అడ్డంగా నిలబడింది. వెనక నేనున్నానని డ్రైవర్‌కు తెలియదు. నా డీజిల్ బండి దడకు ఎవరైనా తప్పుకోవలసిందే. అతను తప్పుకోలేదు. నేను దిగి, చొక్కా కాలర్ పట్టి బయటికి గుంజాను.

"వినబడ్తలేదారా?"

"ఏం వినబడాలె? నువ్వు ఎప్పుడొచ్చినవో నాకేం తెల్సు?" అని అతను నా ఛాతీ మీద గుద్దాడు. నేనూ గుద్దాను. జనం విడదీశారు. చొక్కా గుండీ తెగి సీట్లోకి వచ్చాక షోరూం అమ్మాయి తలుపు వైపుకు జరిగి చెప్పింది.

"సార్, మెల్లగ పోయేటప్పుడు ఇంజిన్ బంద్ ఉంటది. బయట సన్నటి చప్పుడు తప్ప ఏం రాదు. రద్దీల ఎవ్వరికి వినబడది. మనమే హారన్ కొట్టాలె."

అర్థమైందన్నట్టు తల ఊపాను. మోటారు తీరు నాకొకరు చెప్పాలా అని లోపల విసుక్కున్నాను కూడా.

ఊరి దగ్గరికి వచ్చేసరికి ఎండ ముదిరింది. రోడ్డుకు ఎడమ పక్కన పొడుగునా వడ్లు. దూరంనుంచే తమ్ముణ్ని గుర్తుపట్టాను. తలకు తువ్వాల చుట్టుకుని, నావైపు వీపు పెట్టి, పాదాలతో చాళ్లు తీస్తున్నాడు. పక్కనే వేపచెట్టు కింద మరదలు చీపురుతో చెదిరిన వడ్లు ఊడుస్తోంది. నాకు నవ్వొచ్చింది. కొత్త బండితో ఆట ఆడాలనిపించింది. వేగం తగ్గించాను. ఇంజిన్ ఆగిపోయింది. నేరుగా వాడి వెనక్కి తెచ్చాను.

"సార్, హారన్," అంది ఆ పిల్ల.

వినబడింది. కొట్టలేదు.

"సార్, హారన్!"

వాడి పాదాలకు ఏదీ అందలేదు. అందదని నాకు తెలియాలి. మోటారు దడదడలాడదు, నా బతుకే మోటార్ల మీద. అయినా నా కాలు బ్రేక్ మీద లేదు. బంపర్ వాడి మోకాళ్ల వెనక తగిలింది. వాడు వెల్లకిలా బానెట్ మీద పడి, పక్కకు జారి, హద్దు రాళ్ల మీద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు లోపలికి వినబడింది. బండిలో ఇంకే చప్పుడూ లేదు కాబట్టి బాగా వినబడింది.

నేను తలుపు తీసేలోపే పక్క కుప్ప దగ్గరి ఇద్దరు మనుషులు తీశారు. కొత్త బండి కాబట్టి నన్ను గుర్తుపట్టలేదు. మెడ పట్టి కిందికి ఈడ్చారు. మొదటి గుద్దుకు పెదవి చిట్లింది, రెండోదానికి పన్ను విరిగి నాలుక మీద పడింది. కింద పడితే డొక్కలో తన్నారు.

"కండ్లు నెత్తికెక్కినయా, లంజకొడక!"

"అరె, ఆగు. గీన వాళ్ల అన్న గదరా," అన్నాడు ఇద్దరిలో ఒకడు.

"అన్నయితే ఏంది?" అని రెండోవాడు ఇంకొకటి తన్నాడు.

వాళ్లు విడిచిపెట్టాక మరదలు వచ్చింది. చేతిలో చీపురు తిరగేసి కట్టవైపుతో నా మొహం మీద కొట్టింది. మా ఇళ్లల్లో మరదలు బావ ఎదురుగా గట్టిగా మాట్లాడటమే అరుదు. ఆమె నాలుగు దెబ్బలు కొట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఒక చెవి తిన్నది సాలలేదా నీకు?" అని అరిచింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

అంబులెన్స్ కోసం ఆగలేదు. ఆ బండిలోనే వెనక సీట్లో పడుకోబెట్టాం. తల మరదలు ఒళ్లో. తొడ దగ్గర కాలు మలుపు తిరిగి ఉంది. నిజామాబాద్ దాకా నేనే నడిపాను. నా నెత్తురు స్టీరింగ్ మీద కారుతోంది. తమ్ముడు కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. కొంత దూరం పోయాక నా సీటు వెనక పిడికిలితో గుద్దడం మొదలుపెట్టాడు.

"ఎందుకాపినవ్? ఎందుకాపినవ్ అన్నా? పోనియ్యి!"

బండి ఎనభైలో పోతోంది. వాడికి ఒంట్లో ఎక్కడా కుదుపు తెలియడం లేదు. కుడి చెవికి వినబడేది కూడా అంతంత మాత్రమే.

"ఆపలే తమ్మీ, పోతనే ఉన్న," అని అరిచాను.

"సస్తున్నరా, పోనియ్యి!" అని ఇంకా గట్టిగా గుద్దాడు. నన్నెప్పుడూ 'రా' అనని మనిషి. దారి పొడుగునా గుద్దుతూనే ఉన్నాడు, నేను ఏడుస్తూనే నడిపాను. షోరూం అమ్మాయి డ్యాష్‌బోర్డు పట్టుకుని కూర్చుంది.

తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. వరండాలో ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "సార్, నేను రెండుసార్లు హారన్ అన్న," అంది. నేను తలెత్తి చూశానంతే. నా చెయ్యి లేవలేదు. లేస్తుందనుకుని ఆ పిల్ల రెండడుగులు వెనక్కి జరిగింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పోలీసులు రాసుకున్నారు. షోరూం వాళ్లు రాసుకున్నారు. ఇన్సూరెన్స్ మనిషి వచ్చి రాసుకున్నాడు. అందరికీ నేను చెప్పింది ఒకటే: చప్పుడు లేని బండి, చెవుడున్న మనిషి. వినడానికి సబబుగా ఉంది. మెకానిక్ చూడటానికి వచ్చి, నేను ముందే ఆగమన్నాను కదా అని బాధపడ్డాడు. హైబ్రిడ్ కొను, కొను అన్న నా భార్య కూడా, గట్టి చప్పుడు పెట్టిన బండ్లు వచ్చేదాకా ఆగుదామంది. షాపుకు వచ్చినవాళ్లకు కూడా అదే చెప్పాను. చెప్పీ చెప్పీ నాకే నమ్మకం కుదిరింది.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం ఊరికి పోయాను. అప్పటిదాకా మరదలు నన్ను గడప తొక్కనివ్వలేదు. ఆ రోజు తమ్ముడే పిలిపించాడు. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు, కాలు చాపి. కుడి చెవి వైపు కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక కారు మాటే ఎత్తాను.

"గా బండి వద్దనుకున్న తమ్మీ. చప్పుడే లేదు దానికి. ఇంకో రెండేండ్లు ఆగుత."

వాడు నా పెదవులకేసి చూస్తూ విన్నాడు. తర్వాత చెవుడున్నవాళ్ల గొంతుతో, వాకిట్లోకి వినబడేంత గట్టిగా అడిగాడు.

"బండిని ఎందుకు బద్నాం చేస్తవన్నా? నువ్వు నన్ను సూసినవా, లేదా?"

"సూసిన."

"ఎంత దూరంల సూసినవ్?"

"మస్తు దూరంలనే."

"మరి బ్రేక్ ఎందుకు తొక్కలే?"

నేను వాడి కాలు మీది దుప్పటి సర్దాను. వాడు ఇంకోసారి అడిగాడు. అబద్ధం చెప్పడానికి ఆ గదిలో చోటు లేదు.

"నువ్వు తప్పుకుంటవనుకున్న."

"ఆఁ. గదే." వాడు నవ్వలేదు, తిట్టలేదు. "సిన్నప్పటిసంది నేనే తప్పుకుంటున్న. బాపు నిన్ను కొడ్తే నువ్వు నన్ను కొట్టవడ్తివి. నీ కోపం వస్తే నేను తప్పుకోవాలె. నీ బండి వస్తే నేను తప్పుకోవాలె. గదేం ఆట? నాకు ఎన్నడన్న నవ్వొచ్చిందనుకుంటున్నవా? నువ్వు నవ్వుతుంటివని నవ్విన."

కాలిని రెండు చేతులతో ఎత్తి కొంచెం జరుపుకున్నాడు. నొప్పికి పళ్లు బిగించాడు.

"ఇప్పుడు కొంటవో, ఆగుతవో నీ ఇష్టం. చప్పుడుదే కొను, చప్పుడు లేందే కొను. ఇగ నేనైతె తప్పుకోను."

మరదలు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఎవరూ నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. లేచి వచ్చాను. ఆ రోజు డీజిల్ బండి తాళాలు నా భార్యకు ఇచ్చేశాను. ఇప్పుడు ఊరికి పోవాలంటే బోధన్ బస్సు ఎక్కుతున్నాను.

షాపులో ఎవరైనా కారు సంగతి అడిగితే, ధర తగ్గనీ అని చెబుతుంటాను. అది అబద్ధం. మొన్న ఒక ముసలాయన మోటారు ఇంకా కాలేదా అని రెండుసార్లు అడిగితే నా చెయ్యి స్పానర్ మీదికి పోయింది. ఆయన కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఎదుట మనిషి తప్పుకోకముందే నేను ఆగగలిగే రోజు కోసం ఆగుతున్నాను. అది ఇంకా రాలేదు.